ఒకే మీటరు, ఏడు బండ్లు

ఉదయం పదీ ఇరవైకి ఏడుగురు ఆటో డ్రైవర్ల దరఖాస్తులు తిరస్కరించారు. కారణం ఒక్కటే. ఏడు ఫారాల్లోనూ ఒకే కరెంటు మీటరు నంబరు ఉంది.

రవాణా ఆఫీసు కౌంటరు ముందు నిలబడ్డ ఏడుగురిలో నిదానం పెద్దవాడు. యాభై ఎనిమిదేళ్లు. ముప్ఫయ్యొక్క ఏళ్లలో ఒక్క బండినీ దాటి ముందుకు పోలేదని స్టాండులో వాళ్లు పెట్టిన పేరది. ఎడమ అరచేతిలో గేరు పిడి ఆనే చోట కాయ కాసింది. బ్రేకు తొక్కే కుడి చెప్పు ముందు భాగం అరిగి వేళ్లు నేలకు తగులుతాయి. ఆ పొద్దున ఇంజను స్టార్టు చేసే లివరు లాగుతుంటే ఎడమ భుజం పట్టేసింది. పక్కకు తిరిగి పడుకున్నందువల్ల అనుకున్నాడు.

ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి. ఒకటో తారీఖు నుంచి డీజిల్ ఆటోలు ఊళ్లో తిరగకూడదు. పాతది అప్పగించిన వాళ్లకు సర్కారు బ్యాటరీ ఆటో ఇస్తుంది. అయితే బండి నిలిపే చోట చార్జింగుకు మీటరు చూపించాలి. ఏడుగురూ ఉండేది మేడమీద అద్దె గదుల్లో. మీటర్లుండేది మెట్ల కింద, తాళం వేసిన అరలో. ఇంటి ఓనర్లు బ్యాటరీ అంటే ఇల్లు తగలబడుతుందని భయపడ్డారు.

వీధివైపు మీటరున్నది ఇస్త్రీ కొట్టు ఒక్కదానికే. అది కనిపెట్టింది నిదానం. కొట్టతను ఒప్పుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దని నిదానానికి అతని భార్య మరీ మరీ చెప్పింది. రెండో రోజుకు స్టాండంతా తెలిసింది. "నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా," అందామె. మిగతా ఆరుగురూ ఒకరి తర్వాత ఒకరు ఆ గోడ పక్కన ఆటో పెట్టి దరఖాస్తుకు ఫొటో తీయించుకున్నారు. "తీయించుకోండి, గోడేమన్నా అరిగిపోతుందా," అన్నాడు ఇస్త్రీ అతను.

"ఒక్క మీటరుకు ఏడు బండ్లేంటండీ?" అని అడిగింది కౌంటరులో గుమాస్తా.

"మా దగ్గర పదకొండు కుటుంబాలకు కుళాయి ఒక్కటే మేడమ్. ఎవరూ దాహంతో చావలేదు," అన్నాడు హీరో. తల దువ్వుకోనిదే బండెక్కడు కాబట్టి అతనికా పేరు. ఇంట్లో ఎనిమిది నెలల కవలలు.

ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకుంది. "మీరు పంచుకుంటారు, సరే. ఫారంలో దానికి గడి లేదు." ఫారం తిప్పి చూపించింది. సాయంత్రం ఐదులోగా ఆరుగురు మాకొద్దని రాసిస్తే ఏడో దరఖాస్తు పైకి పంపుతానంది.

స్టాండుకు తిరిగొచ్చాక, ఆ ఏడో మనిషి ఎవరో తేల్చడానికి చీటీలు వేద్దామన్నాడు హీరో.

"చీటీలేంట్రా?" అంది అక్క. ఆ స్టాండులో ఆటో తోలే ఆడమనిషి ఆమె ఒక్కతే. "బాబాయ్ నోరు మూసుకుని ఉంటే ఈపాటికి బండి వచ్చేసేది. మనం పోయి వరసగా ఆ గోడకు అతుక్కున్నాం." సీటు మీద కాగితం పెట్టి, తనకొద్దని రాసి, మొదటి సంతకం ఆమే చేసింది.

హీరో అందరికన్నా చివర చేశాడు. "సంతకం పెట్టాను కదాని కోపం పోయిందనుకోకు బాబాయ్."

"ఉండనీరా. సాయంత్రం మాట్లాడుకుందాం."

మూడూ నలభైకి నిదానం ఆరు కాగితాలూ కౌంటరులో ఇచ్చాడు. గుమాస్తా ముద్రలు కొట్టి, అతని దరఖాస్తు పైకి పంపింది.

"నా పేరున తీసుకుని ఇంకొకరు తోలొచ్చా అమ్మా?"

"మీ పేరున ఉన్నంతకాలం ఎవరు తోలినా మాకు పట్టదు."

మెట్లు దిగుతూ లెక్క వేసుకున్నాడు. పొద్దున ఆరు నుంచి ఒంటిగంట దాకా తను. భోజనాల వేళ కాసేపు చార్జింగు. రెండు నుంచి హీరో. మిగతా ఐదుగురి సంగతి తోచలేదు. ఫోను తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఈ మాట చెబుతున్నప్పుడు హీరో మొహం చూడాలి.

స్టాండుకు వచ్చేసరికి హీరో బేరం మీద వెళ్లాడు. నిదానం వరసలో చివర ఆటో పెట్టి, వెనక సీట్లో నడుం వాల్చాడు. కాళ్లు బయటికి వేలాడుతున్నాయి.

వరసలో నిద్రపోయేవాణ్ని లేపరు. ముందు బండి కదిలితే వెనకవాళ్లు దిగి అతని బండిని తోస్తారు. మొదటిసారి అక్క తోసింది. రెండోసారీ ఆమే. ఆ తర్వాత ఆమెకు పక్క వీధి నుంచి ఫోన్లో బేరం తగిలింది. అప్పటికి తిరిగొచ్చిన హీరో వరసలో వెనక చేరాడు. మూడోసారి అతను దిగాడు. అవసరమైన దానికన్నా గట్టిగా తోశాడు. నిదానం ఆటో వరసలో మొదటికి చేరింది.

ఐదూ పదికి ఒకామె రెండు సంచులతో వచ్చింది.

"బాబాయ్, నీ వంతు," అన్నాడు హీరో. రెండోసారి పిలిచి, పాదం పట్టుకుని కదిపాడు. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. "అమ్మా, మీరు ఇంకో బండి చూసుకోండి," అన్నాడు.

సోమవారం నిదానం భార్య కౌంటరుకు వెళ్లింది. మంజూరైన బండి వారసులకు మారదని గుమాస్తా చెప్పింది. వద్దని రాసిచ్చిన ఆరుగురి దరఖాస్తులు తిరిగి తెరవడానికి వీల్లేదని కూడా చెప్పింది.

బుధవారం, అంతకుముందే వెళ్లిన ఆర్డరు ప్రకారం, ఇద్దరు మనుషులు వచ్చి ఇస్త్రీ కొట్టు గోడకు చార్జింగు పెట్టె బిగించారు. పెట్టెకు తాళం వేసి, తాళంచెవిని దరఖాస్తు నంబరు రాసిన కవరులో పెట్టి తీసుకెళ్లారు. కరెంటు ఉన్నట్టు తెలిపే పచ్చ దీపం వెలుగుతోంది.