మూతిముడుపు బేరం

మా ఆయనకు ఏ వస్తువైనా నచ్చిందంటే నేను మూతి ముడుచుకోవాలి. అది మా ఇంటి బేరం పద్ధతి. సోఫా అయినా, మా లాండ్రీకి కొన్న పెద్ద ఇస్త్రీ మిషనైనా, ఆయన దాని చుట్టూ తిరిగి మురిసిపోతుంటే నేను పక్కన నిలబడి "ఇదెందుకండీ మనకి?" అని సణుగుతాను. అమ్మేవాళ్ళు కంగారుపడి ధర దించుతారు. ఇంటికొచ్చాక ఆయన నా నటనను మెచ్చుకుంటూ తనే టీ పెట్టి ఇస్తాడు.

ఈసారి మాత్రం నేను నటించడం లేదు.

బేరానికి వచ్చింది కారు. ఎప్పుడో ఇంగ్లండులో తయారైన రెండు తలుపుల బండి. ముందుభాగం బారెడు, పైన కప్పు ఉండాల్సిన చోట మడిచిపెట్టిన గుడ్డ. దూరప్రయాణాలకని చేసిన బండట. ఇలాంటిది ఒక్కసారి నడిపితే చాలని ఆయన కుర్రతనం నుంచీ అంటున్నాడు. అమ్ముతున్నది ప్రాక్టీసు మానేసిన పళ్ళ డాక్టరు.

నా భయం బండి గురించి కాదు. కొన్ని నెలలుగా ఆయన కుడిభుజం తలుపులకు కొట్టుకుంటోంది. మొన్నటికి మొన్న బల్లకు కుడి అంచున ఉన్న కోటు చేతి మీద ఇస్త్రీపెట్టె పెట్టేసి, కమురు వాసన వచ్చేదాకా చూసుకోలేదు. కళ్ళ డాక్టరు దగ్గరికి పదమంటే కస్సుమంటాడు. అలాంటి మనిషి ఈ బండేసుకుని రోడ్డెక్కుతానంటే నా ప్రాణం నిలుస్తుందా?

"ఇదెందుకండీ మనకి?" అన్నాను పళ్ళ డాక్టరు షెడ్డులో. నా గొంతు నిజంగానే వణికింది.

ఆయన నాకేసి చూసి కన్నుకొట్టాడు. "మా ఆవిడంతేనండీ. ఏది చూసినా పుల్లవిరుపు మాటే," అన్నాడు డాక్టరుతో.

"ఉత్తినే అనడం లేదండీ. ఈయనకి కుడిపక్క సరిగ్గా కనపడదు."

డాక్టరు ఆయన వంక చూశాడు. ఆయన పకపకా నవ్వాడు. "చూశారా! బేరం కోసం మొగుణ్ణి గుడ్డివాణ్ణి చేసేసింది."

డాక్టరు కూడా నవ్వేశాడు. ఇన్నేళ్ళూ అబద్ధం అంత బాగా చెప్పాక నా నిజానికి విలువెక్కడిది?

"ఓ చుట్టు తిప్పుకురండి," అని డాక్టరు తాళం ఇచ్చాడు. ఒంటరిగా పంపే ధైర్యం లేక నేనూ పక్కన ఎక్కాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆయన ఈలవేస్తూ వీధి మలుపు దాటించాడు. నేను తలుపు పిడి వదల్లేదు.

కుడివైపు సందులోంచి సైకిలు వస్తోంది. ఎర్ర చొక్కా. నాకు ఎంతో ముందే కనబడింది, ఆయనకూ కనబడే ఉంటుందనుకున్నాను. బండి మెల్లబడలేదు.

"ఆపండి!" అని గావుకేక పెట్టాను.

బ్రేకు పడింది. సైకిలాయన బండి ముందు తూలి, నిలదొక్కుకుని, "కళ్ళు నెత్తికెక్కాయా?" అని తిట్టి వెళ్ళిపోయాడు.

ఆయన బండిని పక్కకు తీసి ఆపాడు.

"నాకు కనపడలేదు," అన్నాడు. "నువ్వు ఇందాక నిజమే చెప్పావని తెలుసు. తెలిసే నవ్వాను."

కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఆయన దిగి ఇటువైపు వచ్చి తలుపు తీశాడు. నేను జరిగి స్టీరింగు ముందు కూర్చున్నాను. రోజూ లాండ్రీ వ్యాను నడిపేదాన్నే, ఇదెంత అనుకున్నాను. తీరా కదిలించాక తెలిసింది. ఇంజను మెత్తగా గుర్రుమంది, గాలి ముఖానికి తగిలింది, చెట్లు నెత్తిమీదుగా పోతున్నాయి. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకా బండి పిచ్చిగా నచ్చింది.

"కొనేద్దామండీ. నేను నడుపుతాను, మీరు పక్కన కూర్చోండి."

"పక్కన కూర్చోడానికా ఇన్నేళ్ళు కాచుకున్నది?" అని విసురుగా అన్నాడు. అంతలోనే గొంతు తగ్గించాడు. "వద్దులే. డాక్టరుతో మాత్రం నా కళ్ళ సంగతి మళ్ళీ ఎత్తకు."

గేటు దగ్గర డాక్టరు ఎదురొచ్చాడు. మా ఆయన చేతులు నలుపుకుంటూ, "మా ఆవిడ నడిపి చూసిందండీ. నచ్చలేదట," అన్నాడు.

ఇద్దరూ నా వంక చూశారు.

"ఏం సీట్లండీ ఇవి, నడుం విరిగింది," అన్నాను. "ఆ రంగొకటి. వాన పడితే గొడుగేసుకుని నడపాలా?"

"ధర కాస్త తగ్గిస్తానమ్మా."

"ఊరికే ఇచ్చినా వద్దు."

"పాపం, ఆయన అంత సరదాపడుతుంటే..."

"ఈ వయసులో సరదాలేమిటండీ!" అని మూతి ముడిచాను. పెదవి అదురుతోంది, ముడవకపోతే ఏడ్చేసేదాన్ని.

డాక్టరు ఆయన భుజం తట్టాడు. "మీ ఆవిడ మనసు రాయండీ బాబూ."

"అవునండీ," అన్నాడు మా ఆయన.

రోడ్డు అవతల మా వ్యాను ఉంది. దాటబోతూ ఆయన ఆగి, నన్ను తన కుడిపక్కకు తెచ్చుకుని చెయ్యి పట్టుకున్నాడు.