నాలుగో ఛానల్‌లో అల

మేడ్చల్ పారిశ్రామికవాడలోని ఆ చిన్న షెడ్డులో అప్పుడే పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్లు తయారుచేస్తారు. వాటి సర్క్యూట్ బోర్డులను పరీక్షించే ఇంజినీరు బిందు. మొదటి వార్మర్ ఇప్పటికే శామీర్‌పేటలోని ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తోంది. రెండోదాని కోసం గేటు దగ్గర ఆటో ఆగి ఉంది.

పంపేముందు మరోసారి చూద్దామని బిందు దాని బోర్డుకు, సిగ్నళ్లను తెర మీద గీతలుగా చూపే ఆసిలోస్కోప్ తగిలించింది. నాలుగు ఛానళ్లూ తెరిచింది. నాలుగోదానిలో, బిడ్డ ఒంటి వేడిని చెప్పే సిగ్నల్ మీద, నిదానంగా కదిలే చిన్న అల. అది అందరికీ తెలిసిందే. కరెంటు సరఫరాలోని రొద అనుకున్నారు.

తెర మీద గీతలు అడ్డొస్తున్నాయని బిందు మిగతా మూడు ఛానళ్లను ఆపేసింది. అల మాయమైంది. దాని స్థానంలో సందులేకుండా కిక్కిరిసిన గీతలు. మళ్లీ నాలుగూ తెరిస్తే నిదానమైన అల తిరిగొచ్చింది.

స్కోపు సిగ్నల్‌ను చుక్కలు చుక్కలుగా కొలిచి, వాటిని కలిపి గీత గీస్తుంది. ఒక్క ఛానలే అయితే సెకనుకు వంద కోట్ల చుక్కలు. నాలుగూ తెరిస్తే అవే పంచుకోవాలి, ఒక్కోదానికి ఇరవై ఐదు కోట్లే. ఒక్కో ఊపుకు కనీసం రెండు చుక్కలైనా దక్కకపోతే, మహా వేగంగా ఊగేది కూడా తెర మీద నింపాదైన అలలా కనబడుతుంది.

“సార్, ఆటోను పంపకుండ్రి,” అంది, లోపలికొచ్చిన యజమాని యజ్ఞనారాయణతో.

“ఎందుకమ్మా? గా అల ఎప్పుడూ ఉండేదే గదా.”

“ఆ అల అసలు లేదు సార్. నాలుగు ఛానళ్లు పెట్టినందుకు స్కోపు తప్పు చూపెడ్తాంది. లోపల యాంప్లిఫైయర్ మస్తు వేగంగా ఊగుతాంది. గట్ల ఊగితే ఒంటి వేడి తక్కువ చూపెడ్తది. మెషిన్ హీటర్‌ను ఇంకా పెంచుతది.”

ఆయన వంగి, తనే ఛానళ్లు ఆపి, తెరిచి చూశాడు. “శామీర్‌పేట మెషిన్‌ల గూడ గిదే బోర్డు,” అన్నాడు మెల్లగా.

బిందు వెంటనే ఫోన్ చేసింది. ఆసుపత్రి నర్సు శోభారాణి మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది.

“అక్కా, మా వార్మర్‌ల ఎవరన్న ఉన్నరా?”

“బాబు ఉన్నడు, పొద్దుగాల నుంచి. ముప్పై ఆరున్నర డిగ్రీలు చూపెడ్తాంది. మంచిగనే ఉంది.”

“దాన్ని నమ్మకక్కా. బాబును తీసి మీ పాత వార్మర్‌ల పెట్టు. థర్మామీటర్ పెట్టి చూడు. జల్దీ.”

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. పరుగెత్తిన అడుగులు. ఏమైందని అడుగుతున్న తల్లి గొంతు. యజ్ఞనారాయణ కుర్చీ పట్టుకుని నిలబడ్డాడే తప్ప కూర్చోలేదు.

“ముప్పై ఎనిమిది దాటింది,” అంది శోభారాణి. “ఒళ్లు ఎర్రగైంది. డాక్టర్‌ను పిలిచిన. లైన్‌ల ఉండు.”

బిందు ఫోన్ చెవికి అదిమి పట్టుకునే ఉంది. చాలాసేపటికి శోభారాణి మళ్లీ వచ్చింది. వేడి దిగుతోందట. బాబు పాలు తాగాడట.

యజ్ఞనారాయణ ఖాళీ ఆటోలో తనే వెళ్లి మెషిన్‌ను వెనక్కి తెచ్చాడు.

“ఆ తల్లి నాకు దండం పెట్టింది బిందూ,” అన్నాడు. “మెషిన్ మాదే, తప్పు మాదే అని చెప్పిన. అప్పుడు చేతులు దించింది.”

బిందు స్క్రూడ్రైవర్ తీసుకుని మెషిన్ మూత విప్పసాగింది.