ఉగాది దాకా రెండూ

బెల్లం మార్కెట్ వెనక వీధిలో అప్పలకొండమ్మ ఇంటి ముందుగదే ఆమె కొట్టు. బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు అమ్ముతుంది. ఆ చలికాలం కొట్టుకి రెండు దెబ్బలు తగిలాయి. ముందు ఎలకలు బెల్లం దిమ్మల్ని అడుగునుంచి తొలిచేశాయి. తరవాత ఒక రాత్రి ఎవడో తాళం విరగ్గొట్టి తూకం మిషన్ ఎత్తుకుపోయాడు. అప్పలకొండమ్మకి చెవులు సరిగా వినబడవు. కొడుకు నానాజీ వ్యాన్ కిరాయికి వెళ్ళాడు. కోడలు కుమారి అచ్యుతాపురంలో మందుల కంపెనీలో డ్యూటీలో ఉంది.

"పిల్లిని తెచ్చుకుంటే ఎలకల పీడ పోతాది," అంది అత్త.

"కుక్కుంటే దొంగోడు గుమ్మం తొక్కడు," అంది కోడలు. కుమారి పుట్టిల్లు రాంబిల్లి దగ్గర చేపలు పట్టేవాళ్ళ ఊరు. అక్కడ కుక్క లేని ఇల్లు ఉండదు.

ఇద్దరి మధ్యా నలిగిన నానాజీ, చీడికాడ వైపు గానుగ దగ్గరికి బెల్లం లోడుకి వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో పసుపు చారల పిల్లిపిల్ల ఒక మూల, తెల్ల పాదాల గోధుమరంగు కుక్కపిల్ల ఇంకో మూల. రెండూ అప్పుడే తల్లిపాలు మానినవి.

"ఏట్రా ఇది? ఒకటి తెమ్మంటే రెండు తెచ్చేవు?"

"నువ్వు పిల్లన్నావు, అది కుక్కంది. నేనెవుల మాట ఇనాలి?"

అప్పలకొండమ్మ ఇల్లంతా ఒకసారి కలియజూసింది. "మనం ముగ్గురం కాళ్ళు సాపుకుంటే గోడలు తగుల్తాయి. ఈ ఇంట్లో ఒకటే ఉంటాది. పెంచడానికి ఏది సులువైతే అది. పిల్లిపిల్ల పని నాది, కుక్కపిల్ల పని నీది. ఒకల పనిలో ఇంకొకలు ఏలెట్టకూడదు. ఉగాది నాటికి ఎక్కువ ఇబ్బంది పెట్టింది సీడికాడ ఎల్లిపోవాల."

"సరే అత్తా," అంది కుమారి. ఆమె ఒకసారి సరే అంటే ఇక వెనక్కి తగ్గే మనిషి కాదు. అత్తా అంతే.

పందెం మొదట్లోనే ఒకవైపు ఒరిగిపోయింది. పాత ప్లాస్టిక్ బేసిన్‌లో ఇసక పోసి అప్పలకొండమ్మ పిల్లిపిల్లని ఒక్కసారి అందులో దింపింది. అది గోళ్ళతో గీకి, పని కానిచ్చి, ఇసక కప్పేసి బయటికొచ్చింది. ఎవరూ నేర్పలేదు. పాలన్నం పెడితే తిని, ఒళ్ళు నాక్కుని, చింతపండు బస్తా మీద నిద్రపోయింది.

కుక్కపిల్ల చాప మీద పోసింది. గుమ్మంలో పోసింది. కుమారి కంపెనీ ఐడీ కార్డు తాడు నమిలేసింది. అత్త చెప్పుల్లో ఒకదాన్ని పెరట్లోకి లాక్కుపోయి పట్టీ తెంపేసింది. ఒంటరిగా వదిలితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది.

"సూసేవా నా మారాణిని?" అని అప్పలకొండమ్మ పిల్లిని ఒళ్ళో పెట్టుకుని నవ్వింది.

ఎదురింట్లో మిషన్ కుట్టే రజియా బేగం కుట్టు ఆపకుండానే అంది: "పిల్లిని మనం పెంచక్కర్లేదు కుమారీ, అదే పెరిగిపోద్ది. కుక్కపిల్లంటే పసిబిడ్డే. నీకేమో డ్యూటీలు. ఎందుకొచ్చిన బాధ?"

ఆ మాటతో కుమారి పట్టుదల ఇంకా పెరిగింది. కుక్కపిల్ల కళ్ళు తెరిస్తే చాలు, తిన్నా చాలు, ఎత్తుకుని పెరట్లో జామచెట్టు కిందికి తీసుకెళ్ళేది. అది పని కానిచ్చేదాకా నిలబడి, అవగానే మెచ్చుకుని చిన్న బిస్కెట్ ముక్క పెట్టేది. కంపెనీ బస్సెక్కే ముందొకసారి, దిగి చెప్పులైనా విప్పకముందే ఇంకోసారి. తిట్టలేదు, కొట్టలేదు. కొన్నాళ్ళకి దానికి ఒత్తిడొస్తే అదే పెరటి తలుపు గీకడం మొదలుపెట్టింది. ఆ రోజు కుమారి తలుపు తీస్తూ అత్త వైపు చూసింది. అత్త చూడనట్టు పాత తక్కెడలో మిరపకాయలు తూచింది.

పిల్లి మారాణికీ మెల్లగా సొంత గుణాలు బయటపడ్డాయి. అప్పలకొండమ్మ చీర పట్టుకుని భుజం దాకా ఎక్కేసేది. పిలిస్తే వచ్చేది కాదు. రజియా మిషన్ పక్కన గుడ్డముక్కల గుట్ట దానికి బాగా నచ్చింది. అప్పలకొండమ్మ గిన్నె మోగించి, పిలిచి పిలిచి, చివరికి తనే వీధి దాటి వెళ్ళి తెచ్చుకునేది.

మాఘమాసంలో ఒక ఉదయం కుక్కపిల్ల అన్నం ముట్టలేదు. పసుప్పచ్చగా కక్కి, జామచెట్టు కిందే కూలబడింది. కంపెనీలో ఆడిట్ జరుగుతోంది, సెలవు లేదు. కుమారి దాన్ని వెనక వసారాలో గోనె మీద పడుకోబెట్టింది. మధ్యలో ఒకసారి చూడమని రజియాని బతిమాలింది. అత్తని అడగలేదు. మాట మాటే కదా. కంపెనీలో ఫోన్లు లాకర్లో పెట్టి లోపలికి వెళ్ళాలి కాబట్టి సాయంత్రం దాకా ఏ కబురూ తెలియలేదు.

తిరిగి వచ్చేసరికి కొట్టుకి తాళం వేసి ఉంది. బేరాల వేళ ఆ కొట్టు మూసి ఉండడం కుమారి కాపురానికొచ్చాక చూడలేదు.

"రక్తం పడింది కుమారీ," అంది రజియా ఎదురొచ్చి. "నేను సూసి మీ అత్తకి సెప్పేను. ఎంటనే కొట్టు మూసేసి ఆటో తోలే సింహాచలాన్ని పిలిచి పశువులాసుపత్రికి పట్టుకెళ్ళింది. ఇంకా రాలేదు."

కుమారి పరుగెత్తింది. ఆసుపత్రి బల్ల మీద అప్పలకొండమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో తువ్వాలులో చుట్టిన కుక్కపిల్ల. దాని కాలికి సూది, పైన కిటికీ ఊచకి సెలైన్ సీసా. గేదెని తోలుకొచ్చిన రైతొకడు అంటున్నాడు: "ఈధిలో దొరికే కుక్కపిల్లకి ఇంత హైరానా ఎందుకు మామ్మా? ఇంకోటి తెచ్చుకో."

"నీ గేదె పోతే ఇంకోటి తెచ్చుకుంటావేటి? నీ పని నువ్వు సూసుకో బాబూ."

డాక్టరమ్మ కుమారిని పక్కకి పిలిచింది. పార్వో అని చెప్పింది. ఆ వైరస్‌ని చంపే మందు లేదని, రోజూ సెలైన్ పెట్టి ఒంట్లో నీరు పోకుండా నిలబెడితే కొన్ని బతుకుతాయని, కొన్ని బతకవని చెప్పింది. పిల్లిని దూరంగా ఉంచమంది. ఇల్లంతా బ్లీచింగ్ నీళ్ళతో కడగమంది. "టీకా వేయించలేదా?"

కుమారి తల అడ్డంగా ఊపింది. వాళ్ళ ఊళ్ళో కుక్కలకి ఎవరూ టీకాలు వేయించలేదు. పుట్టినవాటిలో ఎన్ని పోయాయో కూడా ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆమె వచ్చి అత్త పక్కన కూర్చుంది. "ఒకల పనిలో ఒకలు ఏలెట్టకూడదన్నావు కదత్తా."

"అన్నాను."

"ఇది పోతే నువ్వే గెలుద్దువు."

అప్పలకొండమ్మ ఆమె వైపు కోపంగా చూసింది. "పెంచలేక ఓడితే ఓడినట్టు. పేణం పోయి ఓడితే అదేటి పందెమే? సీసా అయిపోవత్తంది, ఎల్లి డాట్రమ్మకి సెప్పు."

ఆ రోజు నుంచి ఇద్దరూ వంతులు వేసుకున్నారు. పగలు అత్త ఆటోలో తీసుకెళ్ళి సెలైన్ పెట్టించేది. సాయంత్రం కోడలు వసారా కడిగి, సిరంజీతో నోటి పక్కనుంచి చుక్క చుక్క నీళ్ళు పోసేది. ఒకరోజు అది మెడ నిలపలేక వాలిపోతే, నానాజీ నెమ్మదిగా, "ఇంక వదిలేద్దామేటి, అది బాధ పడతంది," అన్నాడు. కుమారి చెయ్యి ఆగింది. అప్పలకొండమ్మ ఆమె చేతిలో సిరంజీ అందుకుని తను పోయడం మొదలుపెట్టింది. నానాజీ తెల్లారి వ్యాన్ తీసి అమ్మనీ, కుక్కపిల్లనీ తనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

మర్నాడు కక్కడం ఆగింది. ఆ పై రోజు పల్చటి గంజి నాకింది. నాలుగడుగులు వేసి, పడి, మళ్ళీ లేచి, పెరటి తలుపు దాకా వెళ్ళి గీకింది. కుమారి అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

ఈ గొడవంతా జరిగినన్నాళ్ళూ పిల్లిపిల్ల రజియా ఇంట్లోనే ఉంది. ఎవరి కోసమూ బెంగపెట్టుకోలేదు, చిక్కలేదు. తిరిగి తెచ్చిన రోజున బెల్లం దిమ్మల వెనక దూరి, తనలో సగమున్న ఎలకని పట్టుకొచ్చి అప్పలకొండమ్మ పాదాల దగ్గర పడేసింది. ఆమె మురిసిపోయి వీధంతా చూపించింది. కాసేపటికి పిల్లి మళ్ళీ వీధి దాటిపోయింది.

"సులువే," అని ఒప్పుకుంది అప్పలకొండమ్మ రజియాతో. "దీన్ని పెంచడం సులువే. నాదనుకోడమే కట్టం."

ఉగాది ముందు నానాజీ చీడికాడ లోడుకి బయల్దేరుతూ గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మా, మరి ఏది పట్టుకెళ్ళిపొమ్మంటావు?"

"బెల్లం దిమ్మలు పట్టుకురా, సాలు."

"పందెం?"

"నేనే ఎట్టేను, నేనే తీసేసేను. నడు."

ఆ వారం కుమారి సెలవు రోజున రెండింటికీ టీకాలు వేయించాలని అత్తాకోడళ్ళు నిర్ణయించారు. కుక్కపిల్ల తాడు చూడగానే తోకాడించుకుంటూ ఆటో ఎక్కి కూర్చుంది. పిల్లిని బుట్టలో పెట్టడానికి మాత్రం చాలాసేపు పట్టింది. అప్పలకొండమ్మ మోచేతి దాకా గీతలు పడ్డాయి. ఆమె మూత మీద కూర్చున్నంత పని చేసి, చీర చెంగు బిగించి, తాడు కట్టేసింది.

"అత్తా, దాన్ని రేపు తీసుకెళ్దామా?"

"ఎందుకు రేపు? బండెక్కు," అంది అప్పలకొండమ్మ, అరుస్తున్న బుట్టని రెండు చేతులా ఎత్తి పట్టుకుని. "పోనీయ్ సింహాచలం."