గది వేడి

పొద్దుటి నుంచీ లెక్కలమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఫిరంగులను పరీక్షించే మైదానంలో ఆవిడ ఉద్యోగం. ఎంత తుపాకిమందు పెడితే గుండు ఎంత వేగంతో గొట్టం దాటుతుందో ముందే లెక్కగట్టి చెప్పాలి. ఆ మందు పెట్టి, తాడు లాగి ఫిరంగి పేల్చేది ఆవిడ సొంత తమ్ముడు. ఒకే ఇంట్లో ఇద్దరికి ఇలాంటి ఉద్యోగాలిచ్చిన మహానుభావుణ్ణి ఏమనాలో ఆవిడకు ఇప్పటికీ తోచలేదు.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పేల్చిన మొదటి గుండు లెక్క ప్రకారమే వెళ్లింది. ఎండెక్కాక పేల్చిన రెండోది మాత్రం సెకనుకు పద్నాలుగు మీటర్లు ఎక్కువ వేగం చూపించింది.

"ఊరికే వచ్చిన వేగం! సంతోషించక ఆ మొహమేంటమ్మా?" అన్నారు పెద్దసారు.

ఊరికే ఎలా వస్తుంది? ఈయనకు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు. అందరూ గొట్టం మూతి చూసి భయపడతారు గానీ అసలు గండం వెనకే ఉంది. మందు అంటుకుని గ్యాసవుతుంది. గుండు ఇంకా బారెడు దూరమైనా కదలకముందే ఒత్తిడి తారస్థాయికి చేరుతుంది. ఆ తర్వాత గుండు ముందుకు సాగేకొద్దీ వెనక చోటు పెరిగి ఒత్తిడి తగ్గుతూ వస్తుంది. మందు తొందరపడి మండితే మాత్రం, గుండు దారి ఇవ్వకముందే గ్యాసంతా ఒక్కసారిగా పోగుపడుతుంది. ఆ ఒత్తిడికి గొట్టం వెనకభాగం పగిలితే, అక్కడ ఉండేది తమ్ముడు.

మూడో గుండుకు అన్నిటికన్నా ఎక్కువ మందు. లెక్కలమ్మ కూర్చుంది, లేచింది, కాగితాలు మళ్లీ తిరగేసింది. లెక్కల్లో తప్పు లేదు. చివరికి తను రాసిచ్చిన చీటీ నకలు కంటబడింది: "మందు గది వేడిలో ఉంచవలెను."

ఆవిడ పుస్తకాల్లో గది వేడి అంటే ఇరవై ఒక్క డిగ్రీలు. కిటికీలోంచి చూస్తే మైదానం అంచున రేకుల గది ఎండలో మాడిపోతోంది. అదీ గదే మరి! అక్క చెప్పింది అక్షరం తప్పకుండా చేసే తమ్ముడు మందు సంచులన్నీ అందులో పెట్టి తలుపు వేసి ఉంటాడు. వేడెక్కిన మందు త్వరగా మండుతుంది.

ఫోనెత్తి, "ఆపండి! మందు వేడెక్కిపోయింది. తప్పు నాది, చీటీ నేనే సరిగ్గా రాయలేదు!" అని అరిచింది. పెద్దసారు నోరు తెరిచేలోపే మైదానంలోకి పరుగెత్తింది.

ఆవిడ చేరేసరికి తాడును ఫిరంగి నుంచి విప్పేశారు. కొస మాత్రం ఇంకా తమ్ముడి పిడికిట్లోనే ఉంది.

"ఏంటక్కా, చెప్పులైనా లేకుండా వచ్చావు?" అని నవ్వాడు.

ఆవిడ ఆయాసపడుతూనే అంతా చెప్పింది. వాడు నవ్వుతూనే విన్నాడు. "పోనీలే, మూడోదాని గండం తప్పిందిగా" అన్నాడు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది.

"రెండోదానికి పెట్టిన మందు కూడా ఆ గదిలోదే కదక్కా?"

లెక్కలమ్మ తల ఊపింది.

వాడు తాడు వదలబోయాడు. పిడికిలి తెరుచుకోలేదు. లెక్కలమ్మ వాడి పక్కన కూలబడి, వేళ్లు ఒక్కొక్కటే విప్పదీయడం మొదలుపెట్టింది.