రెండు బకెట్ల తేమ

ఉదయం ఎనిమిదింటికి తుపాకుల గది తాళం తీయడం, కుర్చీ లాక్కొచ్చి రాక్‌ల మధ్య వేసుకోవడం, కూర్చోవడం. ఇరవై రెండేళ్లుగా పొడిగుడ్డ ఉద్యోగం ఇదే. అసలు పేరు జీతాల కాగితంలో ఉందేమో గానీ స్టేషన్లో అందరికీ అతను పొడిగుడ్డే. అతను కూర్చుంటే చాలు, గదిలో తేమంతా నెమ్మదిగా వచ్చి అతని ఒంట్లోకి ఇంకిపోయేది. బయట వాన ఎంత దంచి కొట్టినా లోపల నూట నలభై తుపాకులూ ఎండలో ఆరబెట్టినట్టు ఉండేవి.

మిగతా పని మామూలే. గొట్టంలో బ్రష్షు తిప్పడం, నూనె గుడ్డతో పల్చగా తుడవడం, ఉత్త చేత్తో ఇనుము ముట్టుకున్నవాణ్ణి తిట్టడం. "చేతి చెమట తగిలితే రేపటికల్లా నీ వేలిముద్ర ఎర్రగా మొలుస్తుందిరా నాయనా!" అని కానిస్టేబుళ్ల మీద విసుక్కునేవాడు. ఒకప్పుడు తేమ పీల్చే నీలం గింజల పొట్లాలు వచ్చేవి. ఇతనుండగా అవి దండగని పైవాళ్లు ఆపేశారు.

సాయంత్రానికి పాదాలు పొంగి, బూట్లు చపచపమనేవి. ఇంటికెళ్లి స్నానాల గదిలో పీట మీద కూలబడితే భార్య ఒక్కో వేలూ పట్టుకుని పిండేది. సరిగ్గా రెండు బకెట్లు. ఒకసారి అంత పట్టాక, పిండేసినా సరే, మళ్లీ తెల్లారేదాకా అతని ఒంట్లోకి చుక్క కూడా ఇంకదు.

చిక్కంతా అక్కడే వచ్చింది. వాళ్లది క్వార్టర్సులో కింది వాటా, నాలుగు గోడలూ నెమ్మే. మంచం వెనక నల్లటి బూజు కిటికీ ఎత్తున ఎదిగింది. వేళ్లు పిండుతూ పిండుతూ ఆవిడ దగ్గేది. "ఈ వానాకాలం కూడా ఈ నెమ్ములోనే ఉంటే ఆవిడ ఊపిరితిత్తులు తట్టుకోవు. గదన్నా ఆరాలి, ఇల్లన్నా మారాలి," అని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఇంకో ఇల్లు ఇమ్మంటే లేదన్నారు. బదిలీ అడిగితే, "నువ్వెళ్లిపోతే తుపాకులేమైపోతాయయ్యా?" అన్నారు. పెళ్లాం ఏమైపోతుందని ఏ మహానుభావుడూ అడగలేదు.

వానలు మొదలైన వారానికి కొత్త ఆఫీసరు వచ్చాడు. ఆయనకి అన్నీ నీటుగా కనబడాలి. తనిఖీ దగ్గర పడుతోందని నూట నలభై కవర్లు తెప్పించాడు. బయట నల్ల గుడ్డ, లోపల మందపాటి స్పాంజీ, పైనుంచి కిందదాకా జిప్పు.

"సార్, ఇవి ప్రయాణానికైతే పనికొస్తాయి గానీ ఇలా నిలవ ఉంచడానికి కాదు. స్పాంజీ తేమని పట్టుకుని కూర్చుంటుంది. తుప్పు పట్టేస్తాయి," అన్నాడు పొడిగుడ్డ.

"నువ్వున్నావుగా!"

"జిప్పు వేస్తే లోపలి తేమ నా దాకా రాదు సార్."

"ఇరవై రెండేళ్లు కూర్చుని కూర్చుని కబుర్లు బాగా నేర్చావయ్యా. వెయ్యి."

పొడిగుడ్డ తుప్పు గురించి తను చెప్పిన మాటే రిజిస్టరులో రాసి పట్టుకెళ్లాడు. ఆఫీసరు ఫోన్లో మాట్లాడుతూనే కింద 'చూశాను' అని సంతకం పడేశాడు.

ఆ సాయంత్రం భార్య బకెట్టు పెట్టుకుని అతని చూపుడువేలు పిండింది. చుక్క రాలేదు. ఇంకో వేలు పట్టుకుంది. అదీ అంతే.

"ఏమండీ, ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉందే. ఇవాళ ఎవరికీ నాతో పని పడలేదు," అని వెళ్లి మంచం వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తెల్లారేసరికి బూజు ఒక అంగుళం కిందికి దిగింది.

పదో రోజు మనసూరుకోక ఒక జిప్పు తీసి చూశాడు. గురి చూసే చోట ఇనుము మీద గోరింత ఎరుపు. చెయ్యి దానంతటదే నూనె గుడ్డ మీదికి వెళ్లింది. ఇరవై రెండేళ్ల అలవాటాయె. అప్పుడు రాత్రి తను విన్నది గుర్తొచ్చింది, అంటే ఏమీ వినబడకపోవడం. ఆవిడ ఒక్కసారి కూడా దగ్గలేదు. గుడ్డ పక్కన పెట్టి జిప్పు లాగేశాడు. ఆఫీసరుకి మాత్రం ఇంకోసారి చెప్పాడు. "తనిఖీ అయ్యాక చూద్దాంలే," అన్నాడాయన. మూడోసారి చెప్పే ఓపిక పొడిగుడ్డకి లేదు. నిజం చెప్పాలంటే, చెప్పాలనీ లేదు. అందుకు సిగ్గుపడ్డాడు కూడా.

తనిఖీకి వచ్చిన పెద్దాయన మొదటి జిప్పు తీయగానే తెల్ల గ్లౌజులు ఎర్రబడ్డాయి. ఆఫీసరు వేలు పొడిగుడ్డ వైపు చూపించింది. పొడిగుడ్డ రిజిస్టరు తెచ్చి విప్పాడు. సంతకం చూసి ఆఫీసరుని బదిలీ చేశారు. అన్నీ తెలిసి కూడా జిప్పులు తీయనందుకు పొడిగుడ్డని సస్పెండ్ చేశారు.

కాగితం జేబులో పెట్టుకుని మధ్యాహ్నానికే ఇంటికొచ్చాడు. ఆవిడ చదివింది.

"ఎన్నాళ్లట?"

"నాలుగు నెలలు. వానలు వెళ్లేదాకా."

ఆవిడ కాగితాన్ని మడిచి దిండు కింద పెట్టుకుంది. అతను గోడకి చేరగిలబడ్డాడు. బయట వాన కురుస్తూనే ఉంది. ఇద్దరికీ కునుకు పట్టింది.

కాసేపటికి ఆవిడ లేపింది. "ఏమండీ, నాలుక పిడచకట్టుకుపోతోంది. కాసిని మంచినీళ్లివ్వరూ?"

ఆ ఇంట్లో వానాకాలం నోరెండిందని ఎవరైనా అనడం అదే మొదలు. అతను ఏడుస్తూ లేచి, గ్లాసు అంచుదాకా ముంచుకొచ్చాడు. నీళ్లు తొణికి సగం నేల మీద ఒలికిపోయాయి. తుడుద్దామని ఆవిడ వంగేలోపే నేల ఆరిపోయింది.