రెండు కాపీల్లోనూ కన్నమే

రాధిక వచ్చి చేరినప్పటి నుంచీ కమలాక్షికి ఒకటే కడుపుమంట. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. పెనుకొండలోని యూనివర్సిటీ సెంటర్ లైబ్రరీలో ఏళ్ళ తరబడి పేపర్లు కత్తిరించి, తెల్ల కాగితాలకు అంటించి, కరువు, పట్టు, వేరుశనగ, రైళ్ళు అంటూ ఫైళ్ళు కట్టింది తను. ధర్మవరం నుంచి రోజూ రైల్లో వచ్చే ఆ పిల్ల నిన్నగాక మొన్న చేరింది. అయినా విద్యార్థులు కౌంటర్ దగ్గరికొచ్చి, కమలాక్షిని దాటి లోపలికి తొంగిచూసి, "రాధిక మేడమ్ రాలేదా అక్కా?" అంటారు. తనేమో అక్క, అదేమో మేడమ్!

పైగా కొత్త రిఫరెన్స్ హాలు తయారైంది. దాన్ని ఎవరికి అప్పగించేదీ సోమవారం చెప్తానన్నాడు లైబ్రేరియన్ వీరభద్రయ్య. అది రాధికకు పోతే తను ఇంక ఆ బీరువాల మధ్య తలెత్తుకుని తిరగలేదు.

ఆ శనివారం పొద్దున్నే పేపర్లు వచ్చాయి, ఎప్పట్లాగే ఒక్కోటి రెండు కాపీలు. కాగితానికి రెండు వైపులా పనికొచ్చే వార్తలుంటే ఒక కాపీలో ఈ వైపు, రెండో కాపీలో ఆ వైపు కత్తిరించాలి. ఆ పద్ధతి పెట్టింది కమలాక్షే. అందరూ చదివాక, మర్నాడే కత్తెర పట్టాలన్నదీ ఆమె మాటే.

జిల్లా పేజీ తిప్పితే రాధిక ఫోటో! ఫైళ్ళ బీరువా ముందు నిలబడి నవ్వుతోంది. విలేకరి వచ్చిన రోజు కమలాక్షి హిందూపురంలో ఏదో పెళ్ళికి పోయింది. నా బీరువా ముందు దీని ఇకిలింపులేంటని ఒళ్ళు మండిపోయింది. కింద ఏం రాశారో చదవబుద్ధి కాలేదు.

పేజీ వెనక్కి తిప్పింది. సరిగ్గా ఆ ఫోటో వెనక చెరువుల పూడికతీత గురించి ఏదో వార్త. అంత దాచుకోదగ్గదేం కాదు. అయినా రెండు కాపీల్లోనూ దాన్నే కత్తిరించి, ఫోటో వైపు జిగురు దట్టంగా పూసి, కాగితాలకు అంటించి పారేసింది. వీరభద్రయ్య ఇంటికి పేపరు వేయించుకోడు. లైబ్రరీలో చూస్తేనే చూడటం.

కాసేపటికి రాధిక రొప్పుతూ వచ్చింది.

"అక్కా, పేపర్ చూసినావా? రైల్లో ఎవురో చదువుతాంటే నా ఫోటో కనపడె. నేను చెప్పిందంతా ఏసినారో లేదో!"

"ఏం చెప్పినావు?"

"ఇంగేం చెప్తా? ఈ ఫైళ్ళన్నీ కమలాక్షక్క కట్టినవి, నాకు పని నేర్పింది ఆమె, కొత్త హాలు ఆమె చూసుకుంటేనే పిల్లోళ్ళకు మేలు అని చెప్పినా. రా, సార్‌కు చూపిద్దాం."

రాధిక పేపరు విప్పింది. కన్నం. "పోనీ, ఇంగో కాపీ ఉండాది కదా" అంటూ దాన్నీ విప్పింది. అదే పేజీ, అదే చోట కన్నం. పద్ధతి ఆ పిల్లకు తెలుసు, నేర్పింది కమలాక్షే కదా. కన్నం వంక చూసింది, కమలాక్షి వేళ్ళకంటిన జిగురు వంక చూసింది.

"చెరువుల వార్త ఎవురో అర్జెంటుగా అడిగితే..." అని నసిగింది కమలాక్షి.

రాధిక రెండు పేపర్లనూ కన్నం కనపడకుండా మడిచి పెట్టింది. "పోనీలే అక్కా, సార్‌కు నోటితోనే చెప్తా" అని లైబ్రేరియన్ గదిలోకి పోయింది.

తలుపు తెరిచే ఉంది. ఫైళ్ళ సంగతి, పని నేర్పిన సంగతి, అన్నీ చెప్తోంది. కన్నం మాట ఎప్పుడొస్తుందా అని కమలాక్షి ఊపిరి బిగబట్టి విన్నది. రాలేదు. చెప్పి ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి ఒక సాకైనా దొరికేది.

సోమవారం కొత్త హాలు కమలాక్షికే ఇచ్చారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది రాధికే. ఇన్నాళ్ళూ ఆ పిల్ల పనితనం చూసి మాత్రమే ఏడ్చింది కమలాక్షి. ఇప్పుడు మంచితనం చూసి కూడా ఏడవాల్సి వచ్చింది.