చప్పుడు చేయని చక్రం

పదిహేడో సైకిలు. పెడలును చేత్తో వెనక్కి గుంజి, వెనక చక్రం నడిమి హబ్బుకు చెవి ఆనించి ఆమె ఊపిరి బిగబట్టింది. టక్కుమంది.

"దిగు," అంది.

"మొన్ననేగా బిగించావు వదినా!" అన్నాడు పొడుగు. అతనికి డిపోలో అదే పేరు.

ఉత్తరాలు, పొట్లాలు మోసే ఈ సైకిళ్లకు బ్రేకు ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరుగుతాయి. ఆగాలంటే కాళ్లతో వెనక్కి తన్నిపట్టాలి. ఆ తన్నంతా మోసేది హబ్బు మీదున్న నాలుగు చుట్ల మర. పళ్లచక్రం దానికే బిగుస్తుంది. మర తెగిందా, కాళ్లు గాలిలో తొక్కుతాయి, బండి దాని దారిన అది పోతుంది. కంపెనీకి ఈ సంగతి తెలియదా? తెలుసు. అయినా మెత్తటి లోహంతో చేసిన హబ్బులే డజన్ల కొద్దీ దించుతుంది. తళతళ మెరుస్తుంటాయి. మెరుపును పట్టుకుని ఎవడాగుతాడు?

మూడేళ్లుగా ఆమె నెత్తీ నోరూ బాదుకుంది. మర లోతుగా ఉండాలి, పొడవుగా ఉండాలి. వానలో తిరిగేవి కాబట్టి బేరింగుకు గట్టి మూత ఉండాలి. బరువైనా ఉక్కుదే కావాలి. బొమ్మ కూడా గీసి ఇచ్చింది. ఈ పొద్దున పెట్టె వచ్చింది. లోపల ఒకే ఒక్క హబ్బు, "వాడి చూడండి" అని ఒక చీటీ. ముప్ఫైమందికి ఒక్కటి!

చక్రం చప్పుడు చేస్తే ఆ రోజు రోడ్డెక్కకూడదని పోట్లాడి నియమం పెట్టించింది ఆమే. కంపెనీ దానికొక తోక తగిలించింది: అలా మూడుసార్లు ఆగిపోయినవాడి పేరు పనివాళ్ల జాబితాలోంచి లేచిపోతుంది.

పద్దెనిమిదోది మేనమామ సైకిలు. ఆయన రెండుసార్లు ఆగాడు. అరవై దాటినవాడిని ఇంకెవడు పనిలో పెట్టుకుంటాడు? తల్లి పోయిన ఏడాది ఆమె చేతికి చువ్వల కట్ట ఇచ్చి, చక్రం అల్లడం నేర్పి, "తప్పితే విప్పు, ఏడవకు" అన్నది ఆయనే. ఆమె బతుకంతా ఆ మాట మీదే నడిచింది. పెళ్లి నిలవలేదు. దాన్నీ విప్పేసింది, ఏడవలేదు. చువ్వలు బిగించి బిగించి వేళ్లు కాయలు కాచాయి. ఎడమ బొటనగోరు రెండుగా చీలి అలాగే పెరిగింది.

పెడలు గుంజింది. చప్పుడు లేదు. మళ్లీ గుంజింది. లేదు.

"నెల కిందట కిర్రుమంది కదా మావయ్యా?"

"నీ చెవులకి వయసొచ్చిందే."

"విప్పి చూస్తా."

"చూడు. నన్నాపితే మూడోసారి. ఇంట్లో కూర్చుని రోజూ నీకు వంట చేసిపెడతా. తిని బతకగలవా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మూడోసారి అన్న మాట మాత్రం చెవిలోనే ఉండిపోయింది. స్పానరు కింద పెట్టేసింది.

మేనమామ కొత్త హబ్బును చేతిలోకి తీసుకుని, మర వెంట గోరు తిప్పాడు. "ఇదీ హబ్బంటే. పొడుగుకి వెయ్యి. వాడు గాడిదలా తంతాడు."

"నీక్కావాలా?"

"నాది బాగానే ఉందిగా," అంటూ సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆమె కొత్త హబ్బుతో చక్రం అల్లి పొడుగును రోడ్డెక్కించింది.

మధ్యాహ్నం మూడింటికి పొడుగు లోపలికి వచ్చాడు. భుజం మీద ఉన్నది తన సైకిలు కాదు. కింద దించి, గోడకు ఆనించి, అలాగే నిలబడ్డాడు.

"వంతెన దిగుడులో... లారీ అడ్డమొచ్చింది. పెద్దాయన తన్నిపట్టాడు వదినా, నేను వెనకే ఉన్నా, చూశాను. కాళ్లు వెనక్కి తిరిగిపోయాయి."

"ఏ ఆసుపత్రి?"

పొడుగు తల అడ్డంగా ఊపాడు.

ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. చక్రాన్ని ముట్టుకోవద్దట, ఉన్నది ఉన్నట్టు పంపించాలట. పెద్దాయన అజాగ్రత్త అని ఒక ముక్క రాసివ్వాలట. "మీరు గీకండి ఆ ముక్క!" అని ఆమె ఫోను విసిరికొట్టి స్పానరు అందుకుంది.

పళ్లచక్రం ఊడకుండా పట్టి ఉంచే లాకు రింగును కుడివైపుకు తిప్పి విప్పాలి. పళ్లచక్రం విప్పే పని పడలేదు, చేతిలోకి ఊడి వచ్చింది. లోపల మర లేదు. మర ఉండాల్సిన చోట మైనం, మైనం కింద చుట్టూ చుట్టిన డబ్బా రేకు. చప్పుడు రాకుండా. ఆమె చెవికి దొరక్కుండా.

చీలిన గోటితో లాగింది. వేలెడు వెడల్పు కూడా లేని రేకు. ఒక పక్క నలిగి చిరిగింది. మిగతా అంచులన్నీ, విప్పేవాళ్ల చెయ్యి కోసుకోకుండా, ఆకురాయితో నున్నగా అరగదీసి ఉన్నాయి.